గుహల బృందంలో నేనెందుకు చేరినానంటే



పోయిన వారం తలకు హెల్మెట్, ఒళ్లంతా బురదతో ఉన్న ఫోటో పెట్టినాను గదా. అప్పటినుంచి ఫోన్లు ఆగడం లేదు. "అన్నా, నిధి ఏమన్నా దొరికిందా?" అని సగం మంది. "యాభై దాటినాక ఈ పిల్లచేష్టలు ఏందిరా?" అని మా చిన్నాయన. నిధీ లేదు, గిధీ లేదు. మా నంద్యాల జిల్లాలో గుహల్లోకి దిగి, కొలిచి, పటం గీసే చిన్న బృందం ఒకటుంది. కాలేజీ పిల్లోళ్లు, ఇద్దరు టీచర్లు, ఒక ఎలక్ట్రీషియన్, ఇప్పుడు నేను. రైతుకు అక్కడ ఏం పని అంటారా? చెప్తాను, కొంచెం ఓపికగా చదవండి.

మొదటి కారణం నీళ్లు. కొలిమిగుండ్ల, బనగానపల్లె, బేతంచెర్ల వైపు వచ్చినోళ్లకు మా నేల తెలుసు. పైన కాస్త మట్టి, కింద అంతా నాపరాయి, సున్నపురాయి. ఒకే చేనులో ఒక బోరు 150 అడుగులకే పోస్తుంది. దానికి 20 గజాల అవతల 500 అడుగులు పోయినా దుమ్ము తప్ప ఏమీ రాదు. మేము అదృష్టం అనుకుంటాం, అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకోని చేనంతా తిరుగుతాం.

అసలు సంగతి రాయిలో ఉంది. వాన నీళ్లు గాలిలో, మట్టిలో ఉండే కార్బన్ డయాక్సైడును కలుపుకోని కాస్త పులుపు ఎక్కుతాయి. ఆ పులుపు సున్నపురాయిని చీలికల వెంబడి వేల, లక్షల ఏండ్లు కొద్దికొద్దిగా కరిగిస్తుంది. చీలిక సందవుతుంది, సందు సొరంగమవుతుంది. నీళ్లు రాయంతటా సమానంగా ఉండవు, ఎక్కువగా ఆ దారుల్లోనే నడుస్తాయి. బోరు ఆ దారికి తగిలితే నీళ్లు, తప్పితే అప్పు. గుహ అంటే అట్లాంటి దారే, మనిషి దూరేంత పెద్దదైంది. మన చేని కింద రాయి ఎట్లా ఉంటుందో కళ్లతో చూడాలంటే అందులోకి దిగాల్సిందే.

రెండో కారణం పటం. బెలుం గుహలు మీలో చాలామంది చూసింటారు. అది కొండలో లేదు, చదునైన చేలల్లో ఉంది. బావి మాదిరి గుంతలోకి దిగితే గుహ మొదలవుతుంది. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త దాని గురించి రాసినాడు. తర్వాత దాదాపు వందేండ్లు దాన్ని పట్టించుకున్నోళ్లు తక్కువ. 1982, 1983లో హెర్బర్ట్ డేనియల్ గెబౌర్ అనే ఆయన జర్మనీ నుంచి బృందంతో వచ్చి, ఊరోళ్ల సాయంతో లోపలంతా తిరిగి పరిశీలించినాడు. ఇప్పటికి తెలిసిన పొడవు 3,229 మీటర్లు. తర్వాత ప్రభుత్వం రక్షణ కిందికి తెచ్చింది, 2002లో జనానికి తెరిచినారు. ఎనభైల దాకా చుట్టుపక్కలోళ్లకు అది చెత్త పారేసే గుంత. ఇప్పుడు టికెట్టు కొని చూసేది ఆ గుంతనే. ఎవరో దిగి, చూసి, కాగితం మీద పెట్టినారు కాబట్టే దానికి ఆ విలువ వచ్చింది.

మా తాతలకు బిలాలు తెలియక కాదు. గొర్రెలు కాసేటోళ్లను అడగండి, ఏ బిలం ఎక్కడుందో చీకట్లో కూడా చెప్తారు. ఆ తెలిసింది పటంగా మారలేదు, అంతే. మేఘాలయను చూడండి. షిల్లాంగ్‌లోని మేఘాలయ అడ్వెంచరర్స్ అసోసియేషన్ వాళ్లు తొంభైల నుంచి విదేశీ బృందాలతో కలిసి గుహలు కొలుస్తున్నారు. అక్కడ లియాత్ ప్రా అనే గుహ ఒక్కటే 30 కిలోమీటర్ల పైన తేలింది. మన నేల కింద ఏముందో మనమే కొలుచుకోవచ్చు, చదువుకున్న పిల్లలు మనకూ ఉన్నారు.

మూడో కారణం ప్రాణభయం. 2018లో థాయ్‌లాండ్‌లో థామ్ లువాంగ్ గుహలో 12 మంది ఫుట్‌బాల్ పిల్లలు, వాళ్ల కోచ్ చిక్కుకున్న సంగతి టీవీల్లో చూసినాం. జూన్ 23న లోపలికి పోతే వాన నీళ్లు దారి మూసేసినాయి. జూలై 10కి గానీ అందరూ బయటపడలేదు. కాపాడబోయిన ఒక డైవరు ప్రాణం పోగొట్టుకున్నాడు. పిల్లలు ఎక్కడిదాకా పోయింటారో అంచనా చెప్పింది, గుహల్లో ఈదే డైవర్లను బ్రిటన్ నుంచి పిలిపించమన్నది వెర్న్ అన్స్‌వర్త్ అనే ఆయన. అక్కడికి దగ్గరలోనే ఉంటూ ఆ గుహను ఏండ్ల తరబడి తిరిగి చూసిన మనిషి. ఇంకో సంగతి రైతులుగా మనం గుర్తుపెట్టుకోవాలి. గుహలోంచి తోడిన నీళ్లు కింది వరి పొలాలను ముంచేసినాయి. పంట పోతే పోయింది, పిల్లలు దక్కితే చాలన్నారు అక్కడి రైతులు. కొందరు నష్టపరిహారం కూడా వద్దన్నారు.

మా దగ్గర సెలవులొస్తే పిల్లోళ్లు సెల్‌ఫోన్ లైటుతో బిలాల్లో దూరుతున్నారు. ఏమన్నా అయితే ముందు పరిగెత్తాల్సింది మేమే. అందుకే బృందంలో మొదట నేర్పింది రాస్తున్నాను. నలుగురికి తక్కువ దిగకూడదు. ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు తోడుండాలి, ఇద్దరు సాయానికి పైకి పోవాలి. మనిషికి మూడు లైట్లు, గడ్డం కింద పట్టీ ఉన్న హెల్మెట్. ఎన్ని గంటలకు వస్తామో పైన ఒకరికి చెప్పి పోవాలి. మబ్బు పడితే దిగకూడదు. ఊపిరి బరువైనా, తలనొప్పి మొదలైనా వెంటనే వెనక్కి రావాలి. పాత బావుల్లో దీపం దించి చూసే పద్ధతి మన పెద్దలకు ఉంది. గుహలో అదొక్కటే నమ్ముకోకూడదు, గాలిని చూసే మీటరు కావాలి.

నన్ను బృందంలోకి లాగిన అసలు కారణం ఇంకోటుంది. మా చేని పక్కన ఒక బిలం ఉంది. చచ్చిన గొడ్లు, ఖాళీ పురుగుమందు డబ్బాలు, పెళ్లి ఎంగిలాకులు అన్నీ అందులోకే. ఎంత వేసినా నిండదని ఊరికి అదో సంబరం. బృందం తాడు కట్టి దిగితే నేనూ దిగినాను. 40 అడుగుల కింద డబ్బాలు కుప్పగా ఉన్నాయి. వానకాలం నీళ్లు ఆ కుప్ప మధ్యలోంచి జారి ఒక సందులోకి పోయిన ఆనవాళ్లు రాతి మీద ఉన్నాయి. కంపాసు పెట్టి చూస్తే ఆ సందు ఊరి వైపుకు తిరిగింది. ఊరి తాగునీళ్ల బోరు ఆ వైపే.

ఆ నీళ్లు ఈ బోరుకే వస్తున్నాయని నేను అనడం లేదు. నీళ్లలో రంగు వదిలి ఎక్కడ తేలుతుందో చూసే పరీక్ష ఉంది, అధికారుల అనుమతి వస్తే వచ్చే వానల్లో చేస్తాం. కానీ ఇసుకలో నీళ్లు వడగట్టుకోని దిగినట్టు సున్నపురాయి సొరంగంలో దిగవు. పైన పారేసింది అట్లే కిందికి పోతుంది.

ఇప్పుడు ఆ చేని ఆయన బిలాన్ని నాపరాళ్ల పాలిష్ బురదతో పూడ్పించాలని చూస్తున్నాడు. ఆయన మీద నాకు కోపం లేదు. గొడ్డు పడితే నష్టం ఆయనదే. కానీ పూడిస్తే ఆ విషం కిందనే ఉంటుంది, వాన నీళ్లు దిగే దారి పోతుంది. డబ్బాలు బృందం పైకి తీస్తుంది, చుట్టూ కట్టడానికి రాళ్లు నేనిస్తాను అన్నాను. ఇంకా ఒప్పుకోలేదు. రోజూ సాయంత్రం పోయి కూర్చుంటున్నాను.

మీ చేలో బిలం ఉంటే మూడు పనులు చేయండి. ఏమీ పారేయొద్దు. చుట్టూ ముళ్లకంప అయినా వేయండి. తొలి వానకు అది ఎన్ని గంటలు నీళ్లు మింగిందో ఒక కాగితం మీద రాసి పెట్టండి. ఎక్కడుందో మాత్రం కామెంట్లలో రాయొద్దు, రాత్రికి రాత్రే గడ్డపారలతో నిధుల వాళ్లు దిగుతారు. నాకు ఫోన్ చేసి చెప్పండి, బృందాన్ని వెంటబెట్టుకోని నేనే వస్తాను.