కొల్లేటి చేపకు అందిన కబురు

తాడేపల్లిగూడెంలో పాసింజరు బండి ఎక్కితే పూళ్ళ, భీమడోలు, దెందులూరు దాటి ఏలూరు చేరుతాం. అక్కడ బస్సెక్కి కైకలూరు దారి పట్టామంటే ఇక కొల్లేటి సీమే. బుడమేరు, తమ్మిలేరు తెచ్చి పోసిన నీరు ఇక్కడ నిలిచి, ఉప్పుటేరు గుండా సముద్రంలో కలుస్తుంది. ఆటపాక దగ్గర గూడబాతులు చెట్లమీద కొలువు తీరి ఉంటాయి. అవి తప్పితే ఎటు చూసినా చేపల చెరువులే! (సరస్సును మింగిన చెరువులనేకం 2006లో కొట్టివేయించారు. మంచిపనే.)

ఈ చెరువుల్లో ముఖ్యంగా బొచ్చె, శీలావతి పెంచుతారు. వాటితో ఒక పేచీ ఉన్నది. వరదనీటి ఏటిలో గుడ్లు పెడతాయిగాని, నిలవనీటి చెరువులో పెట్టవు. అందుచేత పూర్వం చేపపిల్లల కోసం నదులకు పోవలసివచ్చేది. 1957లో ఒడిశాలో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రజ్ఞుడు, తోటివారితో కలిసి, ఈ చిక్కు విప్పాడు. చేప మెదడు కింద పీయూషగ్రంథి అని చిన్న గ్రంథి ఉంటుంది. దాని రసం తల్లిచేపకు సూదివేస్తే చేప గుడ్లు పెట్టింది! ఇప్పుడు హేచరీలలో, చేప సొంత గ్రంథినే కదిలించే కృత్రిమ హార్మోను ఇస్తున్నారు. సాయంకాలం సూదివేసి, గుండ్రని తొట్టెలో నీరు తిప్పుతూ వదిలితే, సాధారణంగా తెల్లవారేసరికి గుడ్లు సిద్ధం.

"తాతయ్యా, రసం రక్తంలో ఒళ్ళంతా తిరుగుతుంది గదా! తోకకు పట్టని కబురు గుడ్లసంచికే ఎలా అందింది?" అన్నది మా మనుమరాలు.

మంచి ప్రశ్న. ప్రతి జీవకణానికీ పలుచని పొర ఉంటుంది. ఆ పొరలో గ్రాహకాలనే ప్రోటీనులు గుచ్చుకుని ఉంటాయి, ఒక కొస బయటికి, ఒక కొస లోపలికి. ఈ హార్మోను కణంలోకి పోనక్కరలేదు. తనకు సరిపడే గ్రాహకాన్ని బయట అంటుకుంటే చాలు, దాని ఆకారం మారి, లోపలి కొస పక్క అణువులను కదిలిస్తుంది. అవి మరికొన్నింటిని కదిలిస్తాయి. వీథిలో తలుపు గొలుసు ఆడిస్తే ఇంట్లోవాళ్ళు లేచి పనిలో పడ్డట్టన్నమాట. సరిపడే గ్రాహకం లేని కణానికి ఆ పిలుపే వినబడదు.

మీ మోకాలు దోక్కుపోయినప్పుడు కొత్తచర్మం వచ్చేదీ ఈ పద్ధతినే. గాయం దగ్గర వృద్ధికారకాలనే ప్రోటీనులు ఊరుతాయి. అవి అంటుకోగానే చర్మకణం మీది గ్రాహకాలు జంటలు కట్టి, "రెండుగా చీలు" అని లోపలికి కబురంపుతాయి. అమెరికాలో స్టాన్లీ కోహెన్ అలాంటి పదార్థాన్ని పసి ఎలుకపిల్లలకిస్తే, అవి రోజులు నిండకుండానే కళ్ళు తెరిచాయి! ఆయనకూ రీటా లెవీ-మోంటాల్చినీకీ 1986లో నోబెల్ బహుమానం వచ్చింది.

ఒక్కొక్కప్పుడు గ్రాహకం చెడిపోయి, ఎవరూ పిలవకపోయినా "పెరుగు, పెరుగు" అంటూనే ఉంటుంది. కొన్ని కాన్సర్లు అలా ముదురుతాయి. అటువంటి గ్రాహకాలలో కొన్నింటి నోరు మూయించే మందులు ఇప్పుడు ఆస్పత్రులలో వాడుతున్నారు.