లింకు ఇవ్వండి, ఫైలు లాగకండి

కాపీరైటు తీరిన పాత తెలుగు పుస్తకాలను స్కాన్ చేసి నా సొంత వెబ్‌సైట్‌లో పెడుతుంటాను. ఎవరైనా చదువుకోవచ్చు, దించుకోవచ్చు. పెట్టిందే అందుకు. బాధ ఎక్కడంటే, కొన్ని సైట్లు పుస్తకాన్ని తమ పేజీలో చూపిస్తూ, ఫైలును మాత్రం నేరుగా నా సర్వర్ నుంచే లాగుతున్నాయి. 50 ఎంబీల పీడీఎఫ్‌ను వెయ్యిమంది తెరిస్తే 50 జీబీలు. చిన్న హోస్టింగ్ ప్లాన్‌లో కోటా దాటితే సైటే ఆగిపోతుంది, చదువుకుందామని వచ్చినవాళ్లకు కూడా.

బ్రౌజర్ ఫైలు అడిగేటప్పుడు, ఏ సైటు నుంచి అడుగుతోందో మామూలుగా సర్వర్‌కు చెబుతుంది. దాన్నే రెఫరర్ అంటారు. అపాచీ సర్వర్‌లో నాలుగు వరుసలు రాస్తే బయటి సైట్ల నుంచి ఫైలు కోసం వచ్చే అభ్యర్థనలకు 403, అంటే ‘అనుమతి లేదు’ అనే జవాబు వెళ్తుంది. రెఫరర్ ఖాళీగా ఉంటే మాత్రం ఆపను. గోప్యత కోసం దాన్ని దాచుకునే పాఠకులు ఏం తప్పు చేశారు? ఫైలు తీసేసి ఏదైనా అసభ్యమైన బొమ్మ పెట్టమని కొందరి సలహా. అది చచ్చినా చెయ్యను. ఆ పేజీ తెరిచేది ఏ బడిపిల్లో కావచ్చు.

ముందు ఆ సైటువాళ్లకు మెయిల్ రాస్తాను. మీ సర్వర్‌లోకి కాపీ చేసుకోండి, ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో పెట్టండి, నాకు సంతోషమే. లేదా నా పేజీకి లింకివ్వండి. ముద్రణ ఏ సంవత్సరానిదో, ప్రతి ఎక్కడ దొరికిందో, ఏ పుటలు చిరిగిపోయాయో అక్కడ రాసి ఉంటుంది. ఫైలొక్కటే లాగితే అవేవీ పాఠకుడికి చేరవు.