గెలిచిన తీర్పును వదులుకున్న లాయరు

హక్కుల లాయరు అనగానే మన కళ్ళ ముందు కన్నబిరాన్, బాలగోపాల్ లాంటివాళ్ళు మెదులుతారు. సర్కారుకు ఎదురుగా నిలబడి వాదించినవాళ్ళు. మరి అలాంటి లాయరే ఒకరోజు వెళ్ళి ప్రభుత్వంలో కూర్చుంటే? కోర్టులో తను ఎవరి తరఫున నిలబడ్డాడో వాళ్ళ గోడు ఆ కుర్చీలో కూర్చున్నాక కూడా వినపడుతుందా? ఈ ప్రశ్న నన్ను చాన్నాళ్ళుగా వదలడం లేదు. అందుకే ఇవాళ మీకు హెరాల్డ్ కో గురించి చెప్పాలనిపించింది.

ఆయన అమెరికాలో యేల్ యూనివర్సిటీ లా ప్రొఫెసరు. కొరియన్ల బిడ్డ. తండ్రి వాషింగ్టన్‌లో దక్షిణ కొరియా దౌత్యవేత్తగా ఉండగా, 1961లో అక్కడ సైన్యం అధికారం లాక్కుంది. కుటుంబం అమెరికాలోనే ఉండిపోయింది. అమ్మానాన్నలిద్దరూ యేల్‌లో పాఠాలు చెప్పినవాళ్ళే. సైనిక తిరుగుబాటు ఒక ఇంటిని ఏం చేస్తుందో ఆయన పుస్తకాల్లో చదివి తెలుసుకోనక్కర్లేకపోయింది. రీగన్, క్లింటన్, ఒబామా, బైడెన్ నలుగురి హయాంలోనూ ప్రభుత్వంలో పనిచేశాడు. మధ్యమధ్యలో యేల్‌కు తిరిగొచ్చి పాఠాలు చెప్పాడు. 2004 నుంచి 2009 దాకా అక్కడి లా స్కూలుకు డీన్.

పదవుల జాబితా చదివితే మనిషి అర్థం కాడు. హైతీ కేసు చూడాలి.

1991 సెప్టెంబరు చివర్లో, హైతీ ప్రజలు ఓట్లేసి గెలిపించుకున్న అధ్యక్షుడు అరిస్టీడ్‌ను సైన్యం దించేసింది. ప్రాణభయంతో వేలాది మంది పడవలెక్కారు. అమెరికా కోస్ట్ గార్డ్ వాళ్ళను నడిసముద్రంలోనే ఆపి, క్యూబా గడ్డ మీదున్న తన గ్వాంటనామో నౌకా స్థావరానికి చేర్చింది. అక్కడ విచారించారు. భయం నిజమేనని తేలినవాళ్ళను అమెరికాకు పంపాలి కదా. అలా తేలినవాళ్ళలోనే దాదాపు 300 మందిని మాత్రం అక్కడే ఉంచేశారు. వాళ్ళలో ఎక్కువమందికి హెచ్‌ఐవీ ఉందని పరీక్షలో తేలింది, మిగిలినవాళ్ళు వాళ్ళ కుటుంబాలవాళ్ళు. వెనక్కి పంపరు, ముందుకు పోనివ్వరు.

1992 మార్చిలో కో, యేల్ లా విద్యార్థులు కలిసి బ్రూక్లిన్ ఫెడరల్ కోర్టుకు వెళ్ళారు. సెంటర్ ఫర్ కాన్‌స్టిట్యూషనల్ రైట్స్ నుంచి మైకేల్ రాట్నర్ తోడుగా నిలిచాడు. ఇంకా పట్టా చేతికి రాని పిల్లలు రాత్రింబవళ్ళు కూర్చుని కాగితాలు తయారు చేస్తుంటే, అవతల అమెరికా ప్రభుత్వం! గ్వాంటనామో అమెరికా నేల కాదు, మా రాజ్యాంగం అక్కడిదాకా రాదు అన్నది ప్రభుత్వ వాదన.

జడ్జి స్టెర్లింగ్ జాన్సన్ 1993 జూన్‌లో ఇచ్చిన తీర్పులో ఆ శిబిరం ఎలా ఉందో ఉంది. చుట్టూ బ్లేళ్ళ కంచె. వాన లోపలికి కొట్టకుండా గుడిసెల పక్కలకు ప్లాస్టిక్ చెత్త సంచులు కట్టుకున్నారు. కాస్త చాటు కోసం మంచాల మధ్య దుప్పట్లు వేలాడదీసుకున్నారు. తెల్లవారకముందే సైనికులు వచ్చి నిద్రలో ఉన్నవాళ్ళను లేపి సోదాలు చేసేవారు. ఎవరి మీదా ఏ నేరమూ లేదు. జడ్జి వాళ్ళను వదిలిపెట్టమన్నాడు, ప్రభుత్వం అమెరికాలోకి రానిచ్చింది.

అక్కడితో ఆనందంగా కథ ముగించవచ్చు. కానీ ఇందులో నన్ను కదిలించింది ఆ తరవాత జరిగినది. చివరికి కుదిరిన రాజీలో, తాము గెలిచిన తీర్పునే కొట్టివేయడానికి కో బృందం ఒప్పుకుంది. 1994లో ఆ తీర్పు చెల్లకుండా పోయింది. ఆలోచించండి, ఏ లాయరుకైనా అలాంటి తీర్పు జీవితకాలపు సంపాదన. కానీ కేసు పై కోర్టుకు పోయి తిరగబడితే బయటపడ్డ మనుషుల గతేమిటి? వాళ్ళ కోసం తీర్పును వదులుకున్నారు. దాని ఖరీదూ చిన్నది కాదు. 2002 జనవరిలో ఉగ్రవాదులన్న అనుమానంతో పట్టుకున్న కొత్త ఖైదీలను అదే గ్వాంటనామోకు తెచ్చినప్పుడు, వాళ్ళ తరఫున చూపించడానికి ఆ తీర్పు చేతిలో లేదు. అయినా నన్నడిగితే వాళ్ళు చేసిందే సరి. కట్టుకున్న చెత్త సంచుల వెనక నుంచి నమ్మి వకాల్తా ఇచ్చినవాళ్ళు ముందు.

గ్వాంటనామో తీర్పు వచ్చిన ఆ 1993 జూన్‌లోనే రెండో కేసు పోయింది. పడవలను విచారణ కూడా లేకుండా తిప్పి పంపమని అప్పటి అధ్యక్షుడు సీనియర్ బుష్ 1992 మేలో ఆదేశమిచ్చాడు. ఎన్నికల్లో దాన్ని తప్పుపట్టిన క్లింటన్, గెలిచాక దాన్నే కొనసాగించాడు. కో సుప్రీంకోర్టులో వాదించాడు. నడిసముద్రంలో ఆపినవాళ్ళకు శరణార్థుల చట్టం వర్తించదని కోర్టు 8-1తో తేల్చింది. ఆ ఒక్కడు జస్టిస్ హ్యారీ బ్లాక్‌మన్. కో కుర్రతనంలో క్లర్కుగా పనిచేసింది ఆయన దగ్గరే.

ఆ క్లింటన్ ప్రభుత్వంలోనే 1998లో కో మానవ హక్కుల విభాగానికి సహాయ మంత్రిగా చేరాడు. 2009లో ఒబామా విదేశాంగ శాఖకు న్యాయ సలహాదారయ్యాడు. ఏ ఒప్పందం చెల్లుతుంది, ఏ దాడి చట్టబద్ధం అని చెప్పవలసిన కుర్చీ అది. సెనెట్‌లో 62-35 ఓట్లతో గట్టెక్కాడు.

ఇక్కడ నాకు బాధ కలుగుతుంది. 1990లో కో, యుద్ధం విషయంలో అధ్యక్షుడి చేతులకు కాంగ్రెస్ కళ్ళెం ఉండాలని వాదిస్తూ ఒక పుస్తకమే రాశాడు. 2011లో లిబియా మీద బాంబు దాడులు మొదలయ్యాయి. 1973 నాటి చట్టం ప్రకారం కాంగ్రెస్ అనుమతి లేకుండా 60 రోజులు దాటకూడదు. దాటాయి. అప్పుడు కో సెనెట్ కమిటీ ముందు కూర్చుని, ఈ దాడులు ఆ చట్టం చెప్పే యుద్ధచర్యల కిందికి రావని వాదించాడు. నేల మీద మన సైనికులు లేరు, పని పరిమితం, ప్రాణనష్టం ముప్పు తక్కువ అన్నాడు. న్యాయశాఖ, పెంటగాన్ లాయర్లే ఒప్పుకోని వాదన అది. డ్రోన్ దాడులు చట్టానికి లోబడే ఉన్నాయని 2010లో చేసిన ప్రసంగమూ ఆయనదే. లోపల ఉంటే దాడులకు హద్దులు గీయవచ్చని ఆయన నమ్మి ఉండవచ్చు. కానీ లిబియా వాదన నాకు మింగుడు పడదు. ఎవరో మామూలు సర్కారు లాయరు అలా అంటే ఇంత పట్టించుకునేదాన్ని కాదు. 2015లో న్యూయార్క్ యూనివర్సిటీలో ఆయన పాఠాలు చెప్పడాన్ని కొందరు విద్యార్థులు తప్పుపట్టారంటే వాళ్ళ కోపం నాకర్థమవుతుంది.

లిబియా వాదన తరవాత పదేళ్ళు గడిచాయి. 2021లో బైడెన్ ప్రభుత్వంలో మళ్ళీ అదే న్యాయ సలహాదారు కార్యాలయంలో సీనియర్ సలహాదారుగా చేరాడు. ఆ సెప్టెంబరులో టెక్సస్‌లోని డెల్ రియో వంతెన కింద వేలమంది గుమిగూడారు. ఎక్కువమంది హైతీవాళ్ళే. రెండు నెలల కింద వాళ్ళ దేశాధ్యక్షుణ్ణి హత్య చేశారు, మరుసటి నెలలో భూకంపం. అయినా కోవిడ్ పేరుతో టైటిల్ 42 అనే ప్రజారోగ్య నిబంధన చూపించి, శరణు అడిగే అవకాశం ఇవ్వకుండా విమానాలెక్కించి పంపేస్తున్నారు.

అక్టోబరులో ఆ పదవి వదిలి వెళ్తూ కో పై అధికారులకు మెమో రాశాడు. మీరు చేస్తున్నది చట్టవిరుద్ధం, అమానుషం అని సూటిగా చెప్పాడు. హింస పొంచి ఉన్న చోటికి మనిషిని తిప్పి పంపకూడదన్న సూత్రాన్ని కారణాలతో సహా వరసగా వివరించాడు. 1993లో సుప్రీంకోర్టులో ఆయన పోగొట్టుకున్న వాదన కూడా దాని మీదే నిలబడింది. కాకపోతే ఈసారి రాసింది ప్రభుత్వం లోపలి మనిషి, ప్రభుత్వం కాగితం మీద.

విమానాలు ఆగలేదు. టైటిల్ 42 2023 మే దాకా నడిచింది. లా చదువుతున్న మన పిల్లలెవరైనా నన్ను అడిగితే కో కాగితాలు రెండు చదవమంటాను. ముందు లిబియా వాంగ్మూలం, తరవాత ఈ మెమో. ఆ వరసలోనే.