వడుగోళ్ళం ఎప్పుడొచ్చాం?

“మనం విజయనగరం దండుతో వచ్చినోళ్ళం.” మా వేలూరు, గుడియాత్తం ఇళ్ళల్లో ఏ పెద్దవాళ్ళను అడిగినా ఇదే జవాబు. బడిలో కన్నడంలో చదువుకున్న మాకు విజయనగరమంటే కర్ణాటక రాజ్యం, ఇంట్లోనేమో అది తెలుగు రాజ్యం. సాఫ్ట్‌వేర్ టెస్టింగు చేసి బతికేవాళ్ళం గదా, ఋజువేదని అడక్కుండా ఉండలేం.

దండు వచ్చిన మాట నిజమే. 1360 ప్రాంతంలో బుక్కరాయల కొడుకు కుమార కంపన పడైవీడు శంబువరాయలను గెలిచాడు. ఆయన భార్య గంగాదేవి ఆ దండయాత్ర మీద సంస్కృతంలో ‘మధురావిజయం’ రాసింది. రెండు వందల ఏళ్ళ తర్వాత వేలూరును ఏలిన చిన్న బొమ్మ నాయకుడు అప్పయ్య దీక్షితులను ఆదరించాడు. కోటలో జలకంఠేశ్వరుడి కల్యాణ మండపం చూడని మనవాళ్ళు ఉండరు.

అయితే మమ్మల్ని తమిళులు పిలిచే ‘వడుగర్’ అనే పేరు, అంటే ఉత్తరాదివాళ్ళు, సంగం పాటల్లోనే ఉంది. కంపన కంటే వెయ్యేళ్ళకు పైగా పాతది! దండు రాకముందే మనవాళ్ళు ఈ పక్క తెలుసన్నమాట. అందరూ కత్తి పట్టుకునే రానక్కర్లేదు. మగ్గంతో, నాగలితో, మూటాముల్లెతో వచ్చినవాళ్ళను ఏ కావ్యమూ లెక్కపెట్టలేదు.

ఇంగ్లండులోనూ ఇదే తగాదా. అయిదో శతాబ్దంలో సముద్రం దాటొచ్చిన ఆంగ్లో-సాక్సన్లు గెలిచారా, మెల్లిగా వచ్చి స్థిరపడ్డారా అని పండితులు ఇంకా వాదిస్తూనే ఉన్నారు. అక్కడి తమాషా ఏమిటంటే, వచ్చినవాళ్ళే అసలు ఊరివాళ్ళను పరాయివాళ్ళన్నారు. ‘వెల్ష్’ మాటకు మూలార్థం అదే. థేమ్స్ లాంటి నదుల పాత పేర్లు నిలిచాయి గానీ, చాలా మేర పాత భాష పోయింది. ఇక్కడ పాలారు పాలారే, వీధిలో తమిళం తమిళమే. గెలిచినవాళ్ళ తెలుగే ఇంటి గడప లోపల మిగిలింది. అదీ మాట వరకే. కన్నడ లిపి రావడంతో మాకు తెలుగు అక్షరాలు సులువుగా పట్టుబడ్డాయి గానీ, అక్కడే తమిళంలో చదివే మా అన్నదమ్ముల పిల్లలకు అదీ లేదు.

1911 దాకా చిత్తూరు, గుడియాత్తం ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లా. ఆ ఏడు చిత్తూరు వేరు జిల్లా అయింది. ఇప్పుడు పలమనేరులో పెళ్ళికి పోతే సొంత మేనత్తే “అరవోళ్ళు వచ్చినారు, ఆకులెయ్యండి” అంటుంది.