కంట్రోల్ జి నొక్కొద్దు

అబ్బా ఇంతెఖాల్ అయ్యాక జరిగిన బట్వారాలో నా హిస్సాకు ఒక రేకు సందూక్ వచ్చింది. లోపల అబ్బా కితాబులున్నాయని తెచ్చుకున్నాను గానీ మూడేళ్ళుగా టోలీచౌకీలో మా ఇంటి అటక మీద అది మూత తియ్యకుండానే పడి ఉంది. 2009 అక్టోబరులో కర్నూలును ముంచిన వరదకు మా పాతింట్లో కింది గదులన్నీ మునిగాయి. మిద్దె మీద ఉండబట్టి ఈ సందూక్ బతికింది. పోయిన నెల సఫాయీ చేస్తూ మా బేగం దాన్ని కిందికి దించింది. కితాబుల అడుగున, అమ్మీ పాత దుపట్టా ముక్కలో చుట్టి, నల్ల ఫ్లాపీ ఒకటి దొరికింది. లేబుల్ మీద ఉర్దూలో భాయిజాన్ చేతిరాత: షహజాదా. దాని కింద చిన్నగా నా పేరు.

మా చిన్నోడు దాన్ని తిప్పి తిప్పి చూసి "ఇందులో ఎన్ని జీబీ అబ్బా?" అన్నాడు. 1.44 ఎంబీ అన్నాను. వాడి ఫోన్‌లో తీసిన ఒక్క ఫోటో కూడా అందులో పట్టదు. అంత చిన్న జాగాలో ఒక సుల్తాన్ మహల్, ఖైద్‌ఖానా, కత్తులు పట్టిన సిపాయిలు, ఒక షహజాదీ, అందరూ ఉన్నారంటే వాడికి నమ్మకం కుదరలేదు.

గేమ్ అసలు పేరు ప్రిన్స్ ఆఫ్ పర్షియా. మాకు మాత్రం షహజాదా గేమే. 1995లో భాయిజాన్ కర్నూల్లో ఒక కంప్యూటర్ సెంటర్లో ఆర్నెల్ల కోర్సు చేసేవాడు. డాస్, వర్డ్‌స్టార్, లోటస్, డీబేస్. చెప్పులు బయట విడిచి ఏసీ గదిలోకి పోవాలి. ఆదివారాలు సర్ ఉండడు కాబట్టి నన్నూ వెంట తీసుకుపోయేవాడు. వాడికి ఇరవై ఒకటి, నాకు పన్నెండు. ఖిస్సా మీకు తెలిసే ఉంటుంది. సుల్తాన్ జంగ్‌కు పోయినప్పుడు వజీర్ జాఫర్ గద్దె ఎక్కుతాడు, షహజాదీని బంధిస్తాడు. నన్ను నికాహ్ చేసుకుంటావా, చస్తావా, గంటలో తేల్చుకోమంటాడు. ఆ గంట మన గంటే. అరవై నిమిషాల్లో ఖైద్‌ఖానా అడుగు నుంచి మినార్ పైదాకా చేరాలి. చస్తే ఆ మంజిల్ మళ్ళీ మొదలవుతుంది గానీ పోయిన వక్త్ తిరిగి రాదు.

ఇంటికొచ్చి చెబితే అమ్మీకి వజీర్ పేరు దగ్గరే నచ్చలేదు. మా పెద్ద మామూ పేరు జాఫర్. కోడిని కూడా గట్టిగా అదిలించని మనిషి. "అంత మంచి పేరు పెట్టి ఇట్లాంటి పనులు చేయిస్తారా, తౌబా" అనేది. ఆ పేరు 1940లో వచ్చిన థీఫ్ ఆఫ్ బాగ్దాద్ సినిమాలోని దుష్ట వజీర్‌దని చాలా ఏళ్ళ తర్వాత చదివాను. అమ్మీకి చెప్పే మౌకా దొరకలేదు.

గేమ్ రాసింది జోర్డన్ మెక్‌నర్ అనే అమెరికన్. 1989లో యాపిల్ 2 కంప్యూటర్ కోసం వచ్చింది, మరుసటి ఏడాది డాస్‌కు. షహజాదా పరుగు అంత సచ్చాగా ఉండటానికి కారణం ఒక తమ్ముడు. మెక్‌నర్ తన తమ్ముడికి తెల్లబట్టలు వేయించి, పరుగెత్తించి, దూకించి, వేలాడదీసి వీడియో తీశాడు. ఆ బొమ్మల్ని ఒక్కొక్కటిగా కంప్యూటర్లోకి దించాడు. సంగీతం వాళ్ళ నాన్నది. ఆ యాపిల్ గేమ్ మూలప్రతి ఎక్కడుందో చాలా ఏళ్ళు తెలియలేదు. 2012లో ఆ నాన్నే ఇంట్లో ఒక డబ్బాలో ఫ్లాపీలు చూసి కొడుక్కి పంపించాడు. అంటే అది పూర్తిగా ఒక ఇంటివాళ్ళ గేమ్. ఫ్లాపీలు దాచిపెట్టే అబ్బాలు అన్ని ముల్కుల్లోనూ ఉంటారన్నమాట.

సరే, నడిపించడం సంగతి. సికిందరాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్లో నాలుగు దుకాణాలు తిరిగితే ఐదో దాంట్లో యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ దొరికింది. ఇంటికి తెచ్చి పెడితే గరగరమని చప్పుడు, తర్వాత ఎర్రర్. ఫ్లాపీ మీది ఇనుప రేకు పక్కకు జరిపి టార్చ్ వేస్తే లోపలి గుండ్రటి ఫిల్మ్ మీద తెల్లటి బూజు కనిపించింది. దూది పుల్లను స్పిరిట్‌లో ముంచి, వెనక చక్రం కొద్ది కొద్దిగా తిప్పుతూ రెండువైపులా తుడిచాను. ఆరబెట్టి మళ్ళీ పెట్టాను. మూడోసారికి ఫైళ్ళన్నీ కాపీ అయ్యాయి. బేగం బిస్మిల్లా అంది, నేను డబుల్ క్లిక్ చేశాను. ఈ ప్రోగ్రామ్ మీ కంప్యూటర్లో నడవదని ఒక నీలం డబ్బా వచ్చింది.

కారణం సాదాసీదాదే. గేమ్ 16 బిట్ల జమానాది, ఇప్పటి విండోస్ 64 బిట్లది. 32 బిట్ల విండోస్‌లో పాతవాళ్ళ జుబాన్ తెలిసిన తర్జుమాన్ ఒకడు కూర్చుని ఉండేవాడు. 64 బిట్లకు వచ్చేసరికి ఆ కుర్చీ తీసేశారు. దానికి ఇలాజ్ డాస్‌బాక్స్ అనే ప్రోగ్రామ్. ముఫ్త్‌గానే దొరుకుతుంది. పాత ప్రాసెసర్, పాత స్క్రీన్, పాత సౌండ్ కార్డ్, అన్నింటి నకలూ చేసి, నువ్వు ఇంకా పాత ఇంట్లోనే ఉన్నావని గేమ్‌ను నమ్మిస్తుంది. ఒక ఫోల్డర్ చేసి ఫైళ్ళు అందులో వేశాను. ఆ ఫోల్డర్‌నే సి డ్రైవ్ అనుకొమ్మని డాస్‌బాక్స్‌కు మౌంట్ కమాండ్‌తో చెప్పి, సి కోలన్ కొట్టి, ప్రిన్స్ అని టైప్ చేశాను. వచ్చేసింది!

వచ్చింది గానీ షహజాదా బాగా లావయ్యాడు. ఆ రోజుల స్క్రీన్ దాదాపు చదరం, ఇప్పటిది వెడల్పు. సెట్టింగుల ఫైల్లో యాస్పెక్ట్ ఎదురుగా ట్రూ అని రాస్తే మళ్ళీ సన్నబడ్డాడు. నడక ముద్దగా ఉంటే కంట్రోల్ ఎఫ్12తో కొంచెం వేగం పెంచాను. సౌండ్ మాత్రం మరీ ఖూబ్‌సూరత్‌గా ఉంది, నా యాద్‌లో ఉన్నది అది కాదు. మా సెంటర్ మెషిన్లలో సౌండ్ కార్డ్ లేదు, డబ్బా లోపలి చిన్న స్పీకరే పీకుమనేది. అందుకని సౌండ్ బ్లాస్టర్ లేదని సెట్టింగుల్లో అబద్ధం రాశాను. కత్తికి కత్తి తగిలితే ఆ పాత కీచు చప్పుడు వచ్చింది. బేగం వంటింట్లోంచి ఏదో కాలిపోతోందా అని అడిగింది.

ఇంకో కమ్‌బఖ్త్ సంగతి షిఫ్ట్ కీ. గోడ అంచు పట్టుకుని వేలాడాలన్నా, జాగ్రత్తగా అడుగెయ్యాలన్నా షిఫ్టే. వరసగా ఐదుసార్లు నొక్కితే స్టికీ కీస్ కావాలా అని విండోస్ అడ్డమొస్తుంది. ఆ అడగడంలో చిన్నోడి షహజాదా రెండుసార్లు ముళ్ళ మీద పడ్డాడు. దాన్ని సెట్టింగుల్లో బంద్ చేశాక రాత్రి పదిన్నరకు వాడు మొదటి మంజిల్ దాటాడు. దాటగానే సీసాల గది వచ్చింది.

ఈ గది సంగతి నేను పూర్తిగా మరిచిపోయాను. అక్కడ వరసగా సీసాలుంటాయి, ఒక్కో సీసా మీద ఒక్కో ఇంగ్లీషు అక్షరం. గేమ్‌తో ఇచ్చిన చిన్న పుస్తకంలో ఫలానా పేజీ, ఫలానా లైను, ఫలానా మాట మొదటి అక్షరం ఏదో ఆ సీసా తాగమంటుంది. సరైన సీసా తాగితేనే దారి. పుస్తకం లేనివాడు, అంటే కొనకుండా కాపీ చేసుకున్నవాడు, అక్కడే ఆగిపోవాలి. మాదీ కాపీయే, దాచడం ఎందుకు. సెంటర్లో ఎవరి దగ్గరో ఆ పుస్తకం జిరాక్స్ ఉంటే, భాయిజాన్ ఒక ఆదివారమంతా కూర్చుని పేజీ, లైను, మాట, అక్షరం అని నోట్‌బుక్‌లో గళ్ళు గీసి రాసుకున్నాడు.

ఆ నోట్‌బుక్ అబ్బా బీరువాలో ఉండాలి. బీరువా ఇంటితో పాటు భాయిజాన్ హిస్సాకు పోయింది.

బట్వారా రోజు జరిగింది రాయాలంటే చెయ్యి ఆడటం లేదు. నా వాటా కొలతల్లో తేడా ఉందన్నాను. భాయిజాన్ ఘుస్సాలో "నీ ఇంజనీరింగ్ ఫీజులు ఎవరి రియాళ్ళతో కట్టామో యాద్ ఉందా?" అన్నాడు. నిజమే కట్టాడు. రియాద్‌లో పదహారేళ్ళు డేటా ఎంట్రీ చేసి కట్టాడు. నేను "లెక్క రాసి పంపించు, వడ్డీతో సహా కట్టేస్తా" అన్నాను. మా ఇంట్లో అంతకుముందు ఎవరి నోటా సూద్ అన్న మాట రాలేదు. భాయిజాన్ జవాబివ్వలేదు. చెప్పులేసుకుని బయటికి పోయాడు. అంతే, మూడేళ్ళు. ఈద్ సలాంలు మా బేగం ఫోన్ నుంచి భాభీ ఫోన్‌కు.

చిన్నోడు ఎస్కేప్ నొక్కి గేమ్ ఆపాడు. "గూగుల్ చెయ్యి అబ్బా" అన్నాడు. నిజమే, ఆ జవాబుల జాబితా ఇంటర్నెట్‌లో నిమిషంలో దొరుకుతుంది. ఇది చదివేవాళ్ళూ అదే అనుకుంటారు. నేను ఫోన్ తీసుకుని బాల్కనీలోకి పోయాను, మళ్ళీ లోపలికొచ్చాను, నీళ్ళు తాగాను. పదకొండుకు పది నిమిషాలు ఉందనగా నంబర్ నొక్కాను.

రెండో రింగ్‌కే ఎత్తాడు. "క్యా హువా? ఎవరికేమైంది?" అన్నాడు, గొంతు వణుకుతోంది. అంత రాత్రి ఫోన్ వస్తే మన ఇళ్ళల్లో ఎవరైనా అట్లాగే అడుగుతారు. ఆ ఖయాల్ నాకు రాకపోవడం నా తప్పే.

"ఏం కాలేదు భాయిజాన్. అందరూ ఖైరియత్." తర్వాత ఏం అనాలో తెలియలేదు. "షహజాదా సీసాల గదిలో ఇరుక్కున్నాడు" అన్నాను.

ఖామోషీ. కట్ చేశాడేమో అని ఫోన్ చెవి నుంచి తీసి చూశాను. లేదు, సెకన్లు నడుస్తూనే ఉన్నాయి.

"పేజీ ఎంత?" అన్నాడు.

చెప్పాను. "ఆగు" అన్నాడు. ఫోన్ ఎక్కడో పెట్టిన చప్పుడు, తర్వాత అబ్బా బీరువా తలుపు కిర్రుమనడం. ఆ కిర్రు నేను నిద్రలో విన్నా గుర్తుపడతాను. భాభీ ఈ వేళప్పుడు ఏం వెతుకుతున్నారని అడుగుతోంది. కాగితాలు, డబ్బాలు, ఒక దగ్గు. చాలాసేపటికి వచ్చి అక్షరం చెప్పాడు. చిన్నోడు ఆ సీసా తాగాడు, దారి తెరుచుకుంది. వాడి కేక భాయిజాన్‌కు కూడా వినిపించినట్టుంది.

"చిన్నోడా ఆడేది? ఎంత పెద్దోడయ్యాడు?"

"పన్నెండు నిండాయి."

మళ్ళీ కాసేపు ఏమీ లేదు. తర్వాత, "నా సేవ్ ఉందా అందులో?" అన్నాడు.

ఉంది. ప్రిన్స్ సేవ్ అనే ఫైలు, మొత్తం ఎనిమిది బైట్లు. ఎన్నో మంజిల్, ఎన్ని నిమిషాలు మిగిలాయి, ప్రాణం ఎంత, అంతే ఉంటుంది అందులో. ఈ గేమ్‌కు ఒకే ఒక్క సేవ్. ఇంకొకరు కంట్రోల్ జి నొక్కితే మునుపటిది పోతుంది. రియాద్ పోయే ముందు రాత్రి భాయిజాన్ పన్నెండో మంజిల్‌లో ఆపి, సేవ్ చేసి, ఫ్లాపీ నా చేతికిచ్చి అన్న మాట ఒకటే: "ఆడుకో, కానీ కంట్రోల్ జి నొక్కొద్దు. చుట్టీకి వచ్చి ఖతం చేస్తా." పదహారేళ్ళలో చాలా చుట్టీలకు వచ్చాడు. ఒకసారి ఆపా నికాహ్, ఒకసారి అమ్మీ ఆపరేషన్, ఒకసారి మిద్దె కప్పు.

పన్నెండో మంజిల్‌లో షహజాదాకు ఎదురుగా వాడి నీడే కత్తి పట్టుకుని వస్తుంది. నాలుగో మంజిల్‌లో అద్దంలోంచి దూకినప్పుడు వాడి నుంచి విడిపోయిన నీడ అది. దాన్ని ఒక దెబ్బ కొడితే మనకూ ఒక దెబ్బే తగులుతుంది, చంపితే మనమే చస్తాం. భాయిజాన్ అక్కడే ఆగిపోయాడు. నేను ఇంజనీరింగ్‌లో ఉండగా కాలేజీ ల్యాబ్‌లో మొదటి నుంచి ఆడుతూ అక్కడిదాకా వచ్చాను. తొందరలో కింది బాణం నొక్కితే షహజాదా కత్తి ఒరలో పెట్టేశాడు. నీడ కూడా పెట్టేసింది. అట్లాగే ముందుకు నడిస్తే ఇద్దరూ కలిసిపోయారు. దాటేశానని రియాద్‌కు ఉత్తరం రాస్తే, ఎట్లాగో చెప్పొద్దు, నేనే చూసుకుంటా అని జవాబొచ్చింది.

"ఉంది భాయిజాన్. తెరవలేదు. నీ అమానత్."

"పదకొండు నిమిషాలుండాలి."

"ఉంటాయి."

"ఆ నీడ సంగతి..." అని ఆగాడు. "నక్కో, చెప్పకు. వచ్చే ఆదివారం డాక్టర్‌కు చూపించుకోడానికి ఎట్లాగూ హైదరాబాద్ రావాలి. వస్తా."

డాక్టర్ ఏంటి, ఎవరికి అని అడిగేలోపు ఫోన్ పెట్టేశాడు.

ఆ ఫైలు కాపీలు మూడు చోట్ల పెట్టాను. కాపీలున్నాయి కదా, ఇక సేవ్ చేసుకుంటా అని చిన్నోడు జిద్దు. వద్దన్నాను. వాడిప్పుడు ఐదో మంజిల్‌లో ఉన్నాడు, రాత్రిపూట ఎస్కేప్ నొక్కి లాప్‌టాప్ అట్లాగే వదిలేసి పడుకుంటున్నాడు. ఛార్జర్ పీకొద్దని అందరికీ చెప్పాం. బేగం ఆదివారానికి బగారా ఖానా అంటోంది. భాయిజాన్‌కు దాల్చా ఉంటేనే ముద్ద దిగుతుందని ఇవాళ పొద్దున యాద్ వచ్చింది. సొరకాయ తేవాలి.