వేషాలు

"వేషాలెయ్యొద్దు!" అనే మాట పడకుండా పెరిగిన ఆడపిల్ల మన ఇళ్ళల్లో ఉంటుందనుకోను. మగపిల్లాడు స్కూలు వార్షికోత్సవంలో దుర్యోధనుడు వేస్తే అది వేషం. ఏకవచనం, దానికో గౌరవం. ఆడపిల్ల అద్దం ముందు రెండు నిమిషాలు ఎక్కువ నిలబడితే అవి వేషాలు. బహువచనం, తిట్టు. చిన్నయసూరి ఈ సూత్రమొకటి ఎందుకు రాయకుండా వదిలేశాడో మరి!

మొన్న మా అమ్మాయి బెంగళూరు నుంచి హిందూపురం వచ్చింది. అక్కడ ఇంజనీరింగు చదువుతోంది. అన్నంలో పప్పు కలుపుకుంటూ, "అమ్మా, ఈసారి కామిక్ కాన్‌కి నేను ఘటోత్కచుడు వేస్తున్నా" అంది.

కామిక్ కాన్ అంటే ఒక జాతరలెండి. మనకి కదిరి తేరు ఎట్లాగో వాళ్ళకి అది అట్లాగ. బొమ్మల కథలూ, వీడియో గేములూ, సినిమాలూ అంటే పిచ్చి ఉన్న పిల్లలంతా ఒకచోట చేరి, ఇష్టమైన పాత్రల బట్టలు తామే కుట్టుకుని, వేసుకుని తిరుగుతారు.

నా నోట్లోంచి ఠక్కున వచ్చిన మాట ఏమిటో మీరు ఊహించే ఉంటారు. అది నా గొంతు కూడా కాదు, మా అమ్మ గొంతు.

"పోనీ శశిరేఖ వేసుకోవే. ధర్మవరం పట్టు కట్టుకుని, జడ వేసుకుంటే ఎంత బాగుంటావో" అని సర్దబోయాను.

"మాయాబజారులో ఘటోత్కచుడు శశిరేఖ అయితే అందరూ చప్పట్లు కొట్టారు కదమ్మా. శశిరేఖ ఘటోత్కచుడైతే తప్పా?"

నాకు జవాబు తట్టలేదు. 2010లో ఆ సినిమాకి రంగులద్ది మళ్ళీ విడుదల చేసినప్పుడు దీన్ని ఒళ్ళో కూచోబెట్టుకుని చూపించిన పాపం నాదే. 1957లో సావిత్రి ఏం చేసిందో ఒక్కసారి గుర్తు చేసుకోండి. కట్టిందేమో చీరే, నడకేమో రంగారావుది. ఆ రొమ్ము విరుచుకోవడం, ఆ అదిలింపు, ఎవరో చూస్తున్నారనగానే మళ్ళీ సిగ్గు! మగవాడు ఆడదానిలా నటిస్తున్నట్టు ఒక ఆడది నటించింది. అంతటి వేషం ఇంకెవరైనా వేశారా? చిన్నప్పుడు ఆ నడక నడిచి నేను మా అమ్మ చేత వీపు మోగించుకున్నాను.

చెప్పొద్దూ, మా రోజుల్లో ఈ పిచ్చికి ఇంగ్లీషు పేరు లేదుగానీ పిచ్చి మాత్రం ఉండేది. నెల మొదట్లో చందమామ వస్తే మొదటి హక్కు మా అన్నది. వాడు ఆటకి వెళ్ళాక, శంకర్ గారు గీసిన బేతాళుడి బొమ్మ మీద కాగితం పెట్టి నేను నకలు తీసుకునేదాన్ని. ఆ కథల్లో రాకుమారిని అర్ధరాజ్యంతో కలిపి ఇచ్చేస్తుంటే మాత్రం వొళ్ళు మండేది. అర్ధరాజ్యానికి ఆమె కొసరా, ఆమెకి అర్ధరాజ్యం కొసరా అని అడిగితే అన్న నవ్వాడు. నేను అత్తవారింటికి వెళ్ళాక ఆ చందమామలన్నీ తూకానికి పోయాయి. ఎవరిని అడిగి అమ్మారని నేనూ అడగలేదు. ఆడపిల్ల పుట్టింటినుంచి పుస్తకాలు అడుగుతుందా, పావలా ఎత్తు బంగారం అడుగుతుందిగానీ.

సరే, ఘటోత్కచుడి బట్టకి జరీ అంచు కావాలట. కొన్నది పనికిరాదు, ఆలోచన తనదే అయి ఉండాలట. అలాగైతే మా పెద్దమ్మే దిక్కని ఇద్దరం ధర్మవరం రైలెక్కాం. పెనుకొండ దగ్గర కొండ కోట కనిపించగానే నాకు నవ్వొచ్చింది. 1991లో 'ఆదిత్య 369' చూసిన కొత్తలో మా క్లాసు వాళ్ళం అక్కడికి విహారయాత్రకి వెళ్ళాం. అది రాయలవారి కాలానికి వెళ్ళొచ్చే సినిమా కదా! గగన్ మహల్ వెనకాల కాలయంత్రం దాచి ఉంటుందని నేనూ, నా స్నేహితురాలూ గోడలన్నీ తట్టి చూశాం. తాళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులకి ఈ పెనుకొండే రాజధాని అయిందని మాస్టారు చెబుతూనే ఉన్నారు. మాకు చెవికెక్కితేగా!

పెద్దమ్మకి ఎనభై దాటాయి. విషయం విని ఏమంటుందోనని నేను బిక్కుబిక్కుమంటుంటే, ఆవిడ మనవరాలిని ఎగాదిగా చూసి, "గద యాడ చేపిస్తివి మ్మే?" అంది. అంతే!

తర్వాత ట్రంకు పెట్టె తెరిచింది. అందులో మడతలు నలిగిన గ్రాఫు కాగితాలు. లేపాక్షి మా హిందూపురానికి పదిహేను కిలోమీటర్లు. పెళ్ళికి ముందు పెద్దమ్మ అక్కడి మండపంలో వెల్లకిలా పడుకుని, కప్పు మీది బొమ్మలు చూసి నోటుపుస్తకంలో గీసుకునేదట. నేనూ చూశాను ఆ కప్పు. పదహారో శతాబ్దంలో వేసిన బొమ్మలు. కిరాతార్జునీయం, ద్రౌపదీ స్వయంవరం వరసగా, ఒక ఘట్టం పక్కన ఒక ఘట్టంగా నడుస్తాయి. ఈనాటి పిల్లలు కామిక్ అనేది అదే కదా! పార్వతికి చెలికత్తెలు పెళ్ళి అలంకారం చేసే బొమ్మ దగ్గర పెద్దమ్మకి కథ పట్టలేదట. వాళ్ళ చీరలే పట్టాయి. పువ్వులూ గళ్ళూ చారలూ, ఒకరి చీర మాదిరి ఇంకొకరిది లేదు.

ధర్మవరం కోడలయ్యాక ఆ అంచులన్నీ గ్రాఫు మీదికెక్కాయి. రంగు నింపిన గడికి జకార్డు అట్టలో ఒక చిల్లు, ఆ చిల్లుని బట్టి పడుగు దారం పైకి లేస్తుంది. గీసింది పెద్దమ్మ. చీర కొన్న షావుకారు మాత్రం అది "పెదనాన్న డిజైను" అనేవాడు. ఊరంతా అదే పేరు. పెదనాన్న మంచివాడే, కాదనలేదు. ఔనని కూడా అనలేదు, మౌనంగా ఊరుకున్నాడు.

మా అమ్మాయి ఆ కాగితాలు చూసి అరిచినంత పని చేసింది. "అమ్మా, ఇవి పిక్సెళ్ళు!" సెల్లులో ఏదో పాత గేము తెరిచి చూపించింది. మీసాలాయన గెంతుతూ పోతున్నాడు, మనిషంతా గడులే. పెద్దమ్మ కళ్ళజోడు సర్దుకుని, "ఇది మన గ్రాఫే గదే. ఎవురో బాగనే గీసినారు. మీసం కాడ ఒక గడి తప్పింది సూడు" అంది. ఇంగ్లండులో ఎప్పుడో లెక్కలు చేసే యంత్రం ఒకటి కట్టాలనుకున్నప్పుడు ఈ మగ్గం అట్టల్నే వాడదామనుకున్నారనీ, దాని కోసం 1843లో లెక్క రాసిపెట్టింది అడా లవ్‌లేస్ అనే ఒక ఆడమనిషనీ మా అమ్మాయి చెప్పుకుపోయింది. పెద్దమ్మ అంతా విని, "ఆమె పేరన్నా రాసినారా దాని మీద?" అని అడిగింది.

"పొడి అక్షరాలు మాత్రం వేశారు పెద్దవ్వా."

పెద్దమ్మ ఏమీ అనలేదు. కాసేపటికి కొత్త గ్రాఫు కాగితం తెమ్మంది. రెండ్రోజులు కూచుని, చెయ్యి వణుకుతుంటే ఆగి ఆగి, హంసల అంచు గీసింది. మా అమ్మాయి కింద మూల చూపించి "ఇక్కడ సంతకం పెట్టు" అంది.

"నాకెందుకే, ముసిల్దాన్ని" అంటూనే పెన్ను అందుకుంది. మూడక్షరాల పేరు రాయడానికి ఎంతసేపు పట్టిందో! నేను కిటికీ వైపు తిరిగి కూచున్నాను.

రాసి, కాగితం దూరంగా పట్టుకుని చూసుకుని, "సరే గానీ, దీనికి మీసం ఎవురు పెడతారు?" అంది.

"నేను దిద్దుతాను" అన్నాను.

"నీకొస్తాదా?"

"సావిత్రి నడక నడిచినదాన్ని, మీసం దిద్దలేనా పెద్దమ్మా!"

"గడి తప్పనీకు" అంది.