మా కంప్యూటరు కూర్పు

ప్రతిదినమును విద్యార్థుల తప్పులను ఎఱ్ఱసిరాతో దిద్దుట మా వృత్తి. మా తప్పులను దిద్దువారు లేకపోవుటచే మేము తప్పులే చేయమని పలువురు బాలురు నమ్మియున్నారు. ఆ నమ్మకమును పోగొట్టుకొనుటకు సంపాదకులు మాకు ఈ సంచికలో కొంత చోటొసంగిరి.

2005వ సంవత్సరము క్రిస్మసు సెలవులలో ఇంట కంప్యూటరును స్వయముగా కూర్ప సంకల్పించితిమి. విడిభాగములు తెచ్చి కూర్చుకొనుట చౌక యని వినియుంటిమి. శిక్షణ కళాశాలలో గణితబోధనము నేర్చితిమి గాని మరలు బిగించుట నేర్వలేదు. అయినను సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరునకు పోయి, మదరుబోర్డు, పెంటియం 4 ప్రాసెసరు, 256 మెగాబైట్ల ర్యాము, 80 గిగాబైట్ల హార్డుడిస్కు మున్నగునవి కొని, అట్టపెట్టెలను ఒడిలో నుంచుకొని బస్సులో ఇల్లు చేరితిమి. ఆ సొమ్ము మా యింటివారు కుట్టుపని చేసి కూడబెట్టినది.

మరల పొట్లములో ఇత్తడి బుడిపెలు కొన్ని యుండెను. అవి అదనపువని యెంచి బిస్కత్తుల డబ్బాలో పడవైచి, బోర్డును పెట్టెయొక్క యినుపరేకునకే ఆనించి బిగించితిమి. మా యింటివారు చూచి, "ఏమండీ, పనికిరాని వాటిని దుకాణదారుడు ఊరక యేల యిచ్చును?" అనిరి. నవ్వితిమి. రాత్రి నిద్రపట్టక లేచి, బోర్డుతో వచ్చిన పుస్తకమును తెఱచితిమి. ఆ బుడిపెలు బోర్డును రేకునకు తగులకుండ ఎత్తిపట్టునవి. అవి లేకున్న బోర్డు వెనుకనున్న టంకపు చుక్కలు ఇనుమును తాకి, విద్యుత్తు అడ్డదారిని పోయి, బోర్డు కాలిపోవచ్చును. మీట వేయకమున్నే తెలిసినది గనుక దక్కినది. ఆ రాత్రి సంగతి ఆమెతో చెప్పలేదు. ఈ పుటను చదివినప్పుడు తెలిసికొందురు.

మఱునాడు మీట వేయగా ఫంకాలు గిరగిర తిరిగెను. తెరపై మాత్ర మేమియు లేదు. ఫ్లాపీ డ్రైవు దీపము ఆరక వెలుగుచుండెను. అది యంత్రము శ్రద్ధగా పనిచేయుటకు గుర్తని చూడవచ్చిన సహోపాధ్యాయులకు చెప్పితిమి. దాని తీగపట్టీని తలక్రిందులుగా తగిలించిన దీప మట్లే వెలుగునట!

మూడు దినములు పెనగులాడి, దోషము సరుకుదే యని నిశ్చయించి, పెట్టె నెత్తుకొని మరల సికింద్రాబాదు పోయితిమి. దుకాణమున పదిమంది యెదుట, చెడిన బోర్డు నంటగట్టితివని గట్టిగా పలికితిమి. ఉపాధ్యాయుల కంఠము సంగతి మీ రెఱుగుదురు. ఆ యువకుడు మాఱుమాటాడక పెట్టె విప్పి, రెండు పసుపు, రెండు నలుపు తీగలుగల చిన్న చతురస్రపు ప్లగ్గును చూపెను. ప్రాసెసరునకు 12 వోల్టుల శక్తి నందించు మార్గ మదియే. మేము పెద్ద ప్లగ్గును తగిలించి దీనిని విడిచితిమి. ఫంకాలకు శక్తి పెద్దదానినుండియే వచ్చును గనుక అవి తిరిగెను. "మాష్టారూ, ఇదొక్కటి మఱచినారు" అని ఆతడు తగిలించెను. తెర వెలిగెను. డబ్బు పుచ్చుకొనలేదు. చుట్టునున్న పదిమందిలో ఒక్కరును నవ్వలేదు, నవ్వియున్న బాగుండెడిది. క్షమింపుమని యడుగుటకు నోరు రాక, పెట్టె నెత్తుకొని వెడలివచ్చితిమి. 2013లో ఆ మాట చెప్పుటకే పోయితిమి. ఆ చోట సెల్‌ఫోనుల దుకాణ ముండెను.

2009 వేసవిలో 500 గిగాబైట్ల డిస్కును చేర్చితిమి. కంప్యూటరు 465 మాత్రమే చూపెను. మరల దుకాణదారులను శంకించి తరగతిలో ఆ మాట ఆడితిమి. పదవ తరగతి బాలుడొకడు లేచి, అమ్మువారు వేయితో లెక్కింతురనియు, కంప్యూటరు 1024తో లెక్కించుననియు పలికి, 50,000 కోట్ల బైట్లను మూడుమార్లు 1024చే భాగించి నల్లబల్లపై 465 తేల్చెను. గణితోపాధ్యాయులము మేము!

ఆ వేసవిలో జరిగిన మఱియొక తప్పును తరగతిలో చెప్పలేదు. డిస్కును చేర్చి విండోసును మరల నెక్కించినపుడు డిస్కులను పిలుచు అక్షరములు తాఱుమాఱు కావచ్చునని యెఱుగము. 'డి' అనునది క్రొత్తదని తలచి తుడిచివేయు మంటిమి. నిశ్చయమేనా యని యంత్ర మడిగెను. ఔనంటిమి. అది పాతది. తొందరగా తుడిచినపుడు పోవునది విషయసూచిక మాత్రమే. పైన మఱేమియు వ్రాయకున్న పత్రములు తిరిగి దొరకుట కవకాశము కలదు. మేమా సంగతి యెఱుగక, ఖాళీ డిస్కు దొరకినదని దానినిండ పాటలు నింపితిమి. మా యమ్మాయి మూడేండ్ల ఛాయాచిత్రములు పోయెను. 2007లో మా తల్లిగారు మనుమరాలికి జోల పాడగా పట్టియుంచిన పాటయు పోయెను. ఆమె మఱుసటి యేట గతించిరి. మా యింటివారు రెండు దినములు మాతో మాటాడలేదు. మా చెల్లెలికి ఈమెయిలులో పంపిన చిత్రములు పదునొకండు మాత్రము మిగిలెను. పాట నెవ్వరికిని పంపియుండలేదు.

ఆ జోల పాడించుకొనిన పిల్ల యిప్పుడు కళాశాలలో చదువుచున్నది. మొన్నటి సెలవులలో తన కంప్యూటరును తానే కూర్చుకొందునని కూర్చుండగా, మేము టార్చిలైటు పట్టుకొని నిలిచితిమి. ఆమె మొదట పుస్తకమును చదివెను. "నాన్నగారూ, పాత డిస్కునకు నకలు తీసితిరా?" అని యడిగెను. రెండు తీసియుంటిమి. మూత బిగించిన పిమ్మట బల్లపై ఒక మర మిగిలియుండెను. మా యింటివారు దానిని చూచి, పిదప మమ్ము చూచిరి. మూత మరల విప్పితిమి.